ఆరు ఛర్రాలు పిట్టకు, నాలుగు వందలు ఎవరికి?

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ చుట్టుపక్కల తండాల్లో, ఎరుకల వాడల్లో కొందరు పోరగాళ్లకు ఇప్పుడొక కొత్త మోజు పట్టుకున్నది. ఫోన్‌లో పరదేశపు వేట వీడియోలు చూడటం. కుక్క పొదలో ముక్కు పెడుతుంది. కౌజు బుర్రుమని లేస్తుంది. టోపీ పెట్టుకున్న మనిషి తుపాకి ఎత్తి కాలుస్తాడు, పిట్ట రాలుతుంది. తర్వాత ఆయన తూటా చేతిలో పట్టుకుని, పిట్ట దగ్గర్నుంచి లేచే చోట చెదిరే తూటా వాడాలని పాఠం చెప్తాడు. అది చూసిన మనోడు 'వేట మన రక్తంలోనే ఉన్నది కదా' అంటాడు. ఎయిర్ గన్ కొంటాడు. బర్మారు ఎవరి దగ్గర దొరుకుతుందని ఆరా తీస్తాడు.

వేట మన తాతల విద్య, అందులో అబద్ధం లేదు. తుపాకి మాత్రం మన తాతలది కాదు. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడేవాళ్లు రెండు దిక్కులా ఉన్నారు. ఒక దిక్కు, తుపాకి పట్టుకుని దాన్నే గిరిజన సంస్కృతి అని చెప్పుకునే మనవాళ్లు. ఇంకో దిక్కు, పిట్టలు తగ్గిపోవడానికి ఈ తండాల వాళ్లే కారణమని తీర్పు చెప్పే పెద్దమనుషులు. ఇద్దరూ తప్పే. ఆ తప్పు ఎక్కడున్నదో తెలియాలంటే ముందుగా ఆ తూటానే విప్పి చూడాలి.

పన్నెండు బోరు తూటాలో కింద మందు, దాని మీద అడ్డు, ఆ పైన ప్లాస్టిక్ గిన్నె, గిన్నెలో సీసపు ఛర్రాలు ఉంటాయి. పిట్టలకు వాడే ఎనిమిదో నంబరు ఛర్రా జొన్న గింజకన్నా చిన్నది. ఔన్సు బరువుకు, అంటే దాదాపు 28 గ్రాములకు, ఇవి సుమారు 410 వస్తాయి. తుపాకి గొట్టం చివర కొంచెం ఇరుకు చేస్తారు. దాన్ని చోక్ అంటారు. చోక్ ఎంత ఇరుకైతే ఛర్రాల గుంపు అంత దూరం దాకా ఒత్తుగా పోతుంది. దూరంగా ఎగిరే బాతుకు అది పనికొస్తుంది. ఇరవై గజాల్లో లేచిన కౌజుకు అదే తగిలితే పిట్ట తునాతునకలైపోతుంది, లేదా గుంపు పూర్తిగా తప్పిపోతుంది. అందుకని చెదిరే తూటా చేశారు. కొన్ని కంపెనీలు ఛర్రాల మధ్యన అట్టతోనో ప్లాస్టిక్‌తోనో ఇంటూ గుర్తులాంటి అడ్డుగోడ పెడతాయి. కొన్ని ఆ గిన్నె తీసేస్తాయి. ఇంకొన్ని గుండ్రని ఛర్రాల బదులు నొక్కిన బిళ్లలు నింపుతాయి. పద్ధతి ఏదైనా ఫలితం ఒకటే. గొట్టం దాటగానే ఛర్రాలు పక్కలకు విచ్చుకుంటాయి.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఎనిమిదో తరగతి పిల్లలు చేయగలిగిన లెక్కే, వృత్త వైశాల్యం. ఇరవై గజాల దూరంలో బాగా ఇరుకు చోక్ ఉన్న తుపాకి ఛర్రాలు దాదాపు పదహారు అంగుళాల వెడల్పు గుండ్రంలో పడతాయి. చోక్ లేని గొట్టంలోంచి అయితే దాదాపు ముప్పై రెండు అంగుళాలు. ఇరుకు చోక్ తుపాకితో కూడా ఆ వెడల్పు రాబట్టడానికే చెదిరే తూటా. పదహారు అంగుళాల గుండ్రం వైశాల్యం దాదాపు 200 చదరపు అంగుళాలు. ముప్పై రెండు అంగుళాలదైతే 800. వెడల్పు రెండింతలైతే వైశాల్యం నాలుగింతలు, ఛర్రాలు నాలుగో వంతుకు పలుచన.

కౌజు ఒళ్లు పక్కనుంచి చూస్తే పన్నెండు చదరపు అంగుళాలనుకుందాం. ఛర్రాలు అంతటా సమానంగా పడ్డాయనీ అనుకుందాం. ఒత్తు గుంపులో పిట్టకు ఇరవై నాలుగు తగులుతాయి. ఇక మాంసంలో సీసం ఏరుకోవడమే మిగులుతుంది. చెదిరిన గుంపులో ఆరు తగులుతాయి. వీడియోలో టోపీ ఆయన గొప్పగా చెప్పేది ఈ ఆరు గురించే. పిట్ట చస్తుంది, మాంసం పాడు కాదు, గురి కాస్త అటూ ఇటైనా ఫర్వాలేదు.

నేను అడిగేది ఆ ఆరు గురించి కాదు. 410లోంచి ఆరు తీస్తే మిగిలిన 404 గురించి. అవి ఎక్కడికి పోయాయి?

పరదేశంలో వేటకు వేరే మైదానం ఉంటుంది. సీజను ఉంటుంది, రోజుకు ఇన్ని పిట్టలే కొట్టాలన్న లెక్క ఉంటుంది. మన దగ్గర మైదానం ఎక్కడున్నది? సాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ నుంచి కోదాడ దాకా వరి పొలమే. ఒక గట్టు మీద కౌజు లేస్తే పక్క మడిలో నాట్లేసే ఆడవాళ్లు వంగి ఉంటారు. గట్టు కింద గొర్ల కాపరి, కాలువ ఒడ్డున బర్రెలు. ఎనిమిదో నంబరు ఛర్రా దాదాపు రెండు వందల గజాలు పోయి పడుతుంది. అంత దూరంలో దానికి ప్రాణం తీసే బలం ఉండదు, నిజమే. దగ్గర్లో ఉన్నవాళ్ల కంటికి మాత్రం ఒక్క ఛర్రా చాలు. చెదిరే తూటా వాడేవాడు తన గురి మీద తనకు నమ్మకం లేదని ఒప్పుకుని, ఆ నమ్మకం లేనితనాన్ని చుట్టుపక్కల పంచుతున్నాడు. నాటు వేసే కూలి మన అక్కే, మన వదినే. బర్రెల కాడ ఉండేది మన పిల్లగాడే.

దూరం పెరిగితే ఆ లెక్క ఇంకా దరిద్రంగా ఉంటుంది. అదే చెదిరిన గుంపు నలభై గజాల దగ్గరికి పోయేసరికి వెడల్పు మళ్లీ దాదాపు రెండింతలవుతుంది. ఆరు ఛర్రాలు తగిలేచోట ఒకటో రెండో తగులుతాయి. పైగా ఛర్రాలు ఎప్పుడూ సమానంగా పరుచుకోవు. నడిమధ్యన ఒత్తు, అంచుల్లో ఖాళీలు. ఒక ఛర్రా పొట్టలో దిగిన కౌజు అక్కడే పడదు. ఎగిరిపోతుంది. ఎక్కడో తుప్పల్లో రెండు రోజులకో మూడు రోజులకో చస్తుంది. వేటగాడి సంచిలోకి రాదు, ఎవరి లెక్కలోకీ రాదు. దీన్ని వేట అనడం వేటకే అవమానం.

బర్మారు సంగతి ఇంకొకటి. దానికి చోక్ లేదు, కొలతా లేదు. మందు గుప్పెడు, సైకిలు గోళీలో ఇనుప ముక్కలో మరో గుప్పెడు. అది పుట్టుకతోనే చెదిరే తుపాకి, దానికి వేరే చెదిరే తూటా ఎందుకు? గుండ్రంగా లేని ఇనుప ముక్క ఎటు పోతుందో కాల్చినవాడికీ తెలియదు. మందు ఎక్కువైతే గొట్టమే పగిలి వేళ్లు పోతాయి.

సీసం మాట కూడా చెప్పుకోవాలి. ఒక్క తూటాకు 28 గ్రాముల సీసం నేలలో పడుతుంది. బాతులు, నీటికోళ్లు గింజలు అరిగించుకోవడానికి చిన్న రాళ్లు మింగుతాయి. రాయికీ ఛర్రాకూ తేడా వాటికి తెలియదు. మింగిన సీసం కండరాలను పడగొట్టి, పిట్టను తిండి తినకుండా చేసి చంపుతుంది. అందుకే నీటి పక్షుల వేటలో సీసపు ఛర్రాలను అమెరికా 1991 నుంచి దేశమంతటా నిషేధించింది. ఐరోపా సమాఖ్య 2023 నుంచి చిత్తడి నేలల్లో ఆపేసింది. తుపాకిని ఆటవస్తువులా చూసే దేశాలే వెనక్కి తీసుకున్న విషాన్ని మనం వరి మడిలో చల్లుకుందామా? సీసం మనిషికి కూడా ఏ మోతాదులోనూ క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. పెరిగే పిల్లల మెదడుకు మరీ చేటు.

ఇక మన తాతల విద్య చూడండి. దీమపు కౌజును బుట్టలో పెట్టి తుప్పల మధ్య ఉంచుతారు. చుట్టూ మేకులకు గుర్రపు వెంట్రుకల ఉచ్చులు వరసగా కడతారు. బుట్టలోది కూస్తుంది. తన జాగాలోకి ఎవడొచ్చాడని అడవి పుంజు కొట్లాటకు వస్తుంది. కాలు ఉచ్చులో పడుతుంది. పిట్ట బతికే ఉంటుంది. పెట్టనా పుంజా, పిల్లదా పెద్దదా చూసి ఉంచుకోవచ్చు, వదిలేయొచ్చు. ఒక ముడికి ఒక పిట్ట. తప్పిన ముడి ఎవరి కంట్లోనూ పడదు, ఏ మడినీ విషం చేయదు. ఈ పని చేయాలంటే కౌజు పొద్దున ఎక్కడ కూస్తుందో, మాపటికి ఏ చెట్టెక్కుతుందో, ఏ నెలలో గుడ్లు పెడుతుందో తెలియాలి. తుపాకికి ఇవేవీ అక్కర్లేదు. తెలియనితనాన్ని 410 ఛర్రాలతో పూడ్చుకోవడమే చెదిరే తూటా. తెలివితో ఒక్క ముడి వేయడమే ఉచ్చు.

ఉచ్చు ఎవరు పట్టినా మంచిదేనని నేననడం లేదు. నైలాన్ వలతో చెరువంతా ఊడ్చి, దాబాలకు సంచులకొద్దీ పూరేళ్లు అమ్మేవాడు తుపాకోడికి అన్న లాంటివాడు. వాడికీ తాతల పేరు చెప్పుకునే హక్కు లేదు. తాతలు తమ ఇంటి కుండకు పట్టారు, బజారు తక్కెడకు కాదు.

మరి ఈ ఒక్క ముడి విద్యను దేశం ఎట్లా చూసింది? 1871లో ఇంగ్లీషోళ్లు నేరస్త తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాజ్యానికీ పొడిగించారు. ఎరుకలను ఆ జాబితాలో రాసి స్టువర్టుపురం, కావలి సెటిల్‌మెంట్లలో పెట్టి హాజరు పిలిచారు. కొన్ని చోట్ల మన లంబాడాలనూ, సుగాలీలనూ అదే జాబితాకెక్కించారు. పడమట ఫాసే పార్ధీలున్నారు. ఫాస్ అంటేనే ఉచ్చు. తెగ పేరులోనే ఉచ్చు ఉన్నవాళ్లు పుట్టుకతో నేరస్తులైపోయారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ చూపు మాత్రం రద్దు కాలేదు.

అదే కాలంలో తుపాకి ఏం చేసిందో చూడండి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో 1938లో వైస్రాయి లిన్‌లిత్‌గో కోసం వేట పెట్టారు. ఒక్క రోజులో 4,273 పిట్టలను కాల్చి పడేశారు. ఆ లెక్కను గొప్పగా రాతి మీద చెక్కించారు, ఇప్పటికీ ఆ జాతీయ పార్కులో ఆ రాయి ఉన్నది. మన దగ్గర మెదక్ దిక్కు పోచారం అడవి నిజాం వేట భూమి. తర్వాత అది అభయారణ్యమైంది. దొరలు కాల్చినంత కాలం అది వేట భూమి. వాళ్లు కాల్చడం మానగానే మిగిలినవాళ్లు అడుగు పెట్టకూడని అడవి. రెండు కాలాల్లోనూ మన వాటా ఒక్కటే. మొదట తప్పెట కొట్టి జంతువును అటు తోలే కూలి, తర్వాత కేసు.

ఇప్పటికీ తుపాకి దగ్గర తేడా ఉన్నది. కొడగులో కొడవలకు, జమ్మా భూములున్నవాళ్లకు బ్రిటిష్ కాలం నుంచి తుపాకి లైసెన్సు అక్కర్లేదు. అది వాళ్ల సంస్కృతి అని చెప్పి 2019లో కేంద్రం ఆ మినహాయింపును 2029 దాకా పొడిగించింది. 2021లో కర్ణాటక హైకోర్టు కూడా సరేనన్నది. వాళ్లకు ఎందుకిచ్చారని నా గొడవ కాదు. ఒక జనం తుపాకి సంస్కృతి అయినప్పుడు, ఇంకో జనం వెంట్రుకల ముడి నేరమెట్లా అయిందన్నదే నా ప్రశ్న. 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ కూడా చూడండి. పంట కాపలాకు మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వొచ్చని అందులో ఉన్నది. పంట ఎవరిది? పట్టా ఉన్నవాడిది. పోడు చేసుకుని పట్టా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగేవాడు ఏ కాగితం చూపించాలి?

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. పోడు భూమికి, తేనెకు, వెదురుకు, ఆకుకు హక్కు రాశారు. సెక్షన్ 3(1)(ఎల్) ఇంకే సంప్రదాయ హక్కు ఉన్నా గుర్తిస్తామని చెప్పి, అదే వాక్యంలో వేటాడే, ఉచ్చు పన్నే హక్కు తప్ప అని మెలిక పెట్టింది. 1972 వన్యప్రాణి చట్టమేమో 65వ సెక్షన్‌లో నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కును కాపాడింది. అంటే ఆదివాసి వేటను గుర్తించడం చట్టానికి చేతకాని పనేం కాదు. మన దాకా వచ్చేసరికి మనసు రాలేదు. ఈ మాట మన మీటింగుల్లో, మన ఎమ్మెల్యేల ముందు, ఐటీడీఏ ఆఫీసుల్లో గట్టిగా అడగాల్సిన మాట. తుపాకి పట్టుకుని అడిగే మాట కాదు.

పట్టుకుంటే ఏమవుతుందో మన తమ్ముళ్లు సరిగ్గా తెలుసుకోవాలి. 1991 సవరణ తర్వాత ఈ దేశంలో పిట్టల వేటకు లైసెన్సు అనేదే లేదు. తుపాకి లైసెన్సు ఉన్న దొరకు కూడా కౌజును కొట్టే హక్కు లేదు. చట్టం దృష్టిలో వేట అంటే కాల్చడమొక్కటే కాదు. ఉచ్చు పన్నడం, వల వేయడం, ఆ ప్రయత్నం చేయడం, గుడ్లు తీయడం కూడా వేటే. మామూలుగా మూడేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. నెమలి లాంటి మొదటి షెడ్యూలు ప్రాణి అయితే మూడేళ్లకు తక్కువ కాకుండా ఏడేళ్ల దాకా జైలు. లైసెన్సు లేని బర్మారు దొరికితే ఆయుధాల చట్టం కింద వేరే కేసు. తక్కువ శక్తి ఎయిర్ గన్ కొనడానికి లైసెన్సు అడగరు కాబట్టి దాంతో పిట్టను కొట్టొచ్చనుకోవడం శుద్ధ పొరపాటు. చట్టం చూసేది చచ్చిన పిట్టను, తుపాకి ధరను కాదు. వీడియో తీసి పెట్టుకుంటే సాక్ష్యం కూడా మనమే చేతికిచ్చినట్టు. కానిస్టేబుల్ ఉద్యోగానికో గురుకులంలో కొలువుకో దరఖాస్తు పెట్టే రోజున ఆ కేసు ముందుకొస్తుంది. పూరేడు బరువు వంద గ్రాములు. ఆ వంద గ్రాముల కోసం ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివినవాడి బతుకు తక్కెడలో పెడతామా?

ఇక రెండో దిక్కువాళ్లకు జవాబు. పిట్టలు తగ్గింది మన ఉచ్చుల వల్లనేనా? కౌజుకు కావాల్సింది మెట్ట నేల, తుప్పలు, బీడు, జొన్న చేను, ఆముదపు చేను. 1967లో సాగర్ నీళ్లు వదిలాక ఎడమ కాలువ కింద మెట్టంతా మాగాణి అయింది. కాలువ రైతుకు అన్నం పెట్టింది, దాన్ని తిట్టడం నా ఉద్దేశం కాదు. కౌజు ఇల్లు పోయింది మాత్రం అక్కడే. ఆ పైన ఏడాదికి రెండు పంటలు, మడి మడికీ పురుగుమందు. పురుగు చస్తే పిట్ట పిల్లకు తిండి లేదు. మేళ్లచెరువు, మఠంపల్లి, హుజూర్‌నగర్ దిక్కున సున్నపురాయి కోసం గుట్టలు తవ్వి సిమెంటు ఫ్యాక్టరీలు పెట్టారు. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రానికి 2015లో శంకుస్థాపన చేశారు. దానికి నాలుగు వేల ఎకరాలకు పైగా అటవీ భూమి ఇచ్చారు. నాలుగు వేల ఎకరాల్లో ఎన్ని కౌజు గూళ్లుంటాయి, ఎన్ని నెమళ్లుంటాయి? వాటికి ఏ ఎఫ్ఐఆర్ రాశారు? నేను తూటా గురించి అడిగిన ప్రశ్నే ఇక్కడా అడుగుతాను. మన ముడికి దొరికినవి ఆరు. మిగతా నాలుగు వందలు ఎవరి ఖాతాలో ఉన్నాయి?

దసరా నాడు పట్నంలో పాలపిట్టను చూస్తే పుణ్యమంటారు. అది మన రాష్ట్ర పక్షి. గుడి ముందు పంజరంలో పెట్టుకుని ఎవరైనా చూపిస్తే డబ్బులిచ్చి దండం పెడతారు. పట్టి తెచ్చినవాడి మీద కేసు, చూసి పోయినవాడికి పుణ్యం. గిరాకీ ఎవరిదో అడగకుండా నేరం ఎవరిదో తేల్చే పద్ధతి ఇది.

మన దారి ఏమిటి? ఈ ప్రశ్నకు జవాబు మన లాంటి జనమే ఇదివరకు చెప్పారు. నాగాలాండ్‌లో దోయాంగ్ జలాశయం దగ్గర పాంగ్తి అనే లోథా నాగాల ఊరున్నది. 2012లో అక్కడ వలలతో అమూర్ డేగలను వేలకు వేలు పట్టి చంపుతున్నారన్న వార్త ప్రపంచమంతా పోయింది. మరుసటి ఏడాదే ఆ ఊళ్లు కూర్చుని తీర్మానం చేసుకుని వలలు తీసేశాయి. ఇప్పుడు ఆ డేగలను చూడటానికి దూరదేశాల నుంచి మనుషులొస్తారు. ఒడిశాలో చిలికా ఒడ్డున మంగళాజోడి ఒకప్పుడు పిట్టల వేటగాళ్ల ఊరు. 2000లో అక్కడివాళ్లే రక్షణ సమితి కట్టుకున్నారు. పడవ ఎట్లా నడిపితే పిట్ట బెదరదో తెలిసినవాడు వేటగాడే కాబట్టి, ఇవాళ చూపించడానికి ఆ తెలివే అక్కరకొచ్చింది.

ఇంకో ముచ్చట మన సైన్సు సార్లు తప్పకుండా పిల్లలకు చెప్పాలి. సలీం అలీ 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి హైదరాబాద్ సంస్థానపు పక్షుల సర్వే చేశాడు. తర్వాతి కాలంలో వలస పిట్టల కాళ్లకు గుర్తు కడియాలు వేసి అవి ఎక్కడెక్కడికి పోతాయో తెలుసుకునే పని బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పెట్టుకున్నది. ఆ పనికి పిట్టను దెబ్బ తగలకుండా బతికుండగా పట్టాలి. తుపాకి పనికిరాదు. డిగ్రీలున్నవాళ్ల వల్ల కాలేదు. అందుకని బీహార్ నుంచి మీర్‌షికార్లను, తరతరాలుగా ఉచ్చుతో, వలతో పిట్టలు పట్టేవాళ్లను, తెచ్చుకున్నారు. వాళ్లలో అలీ హుస్సేన్ పేరు పక్షి శాస్త్రం తెలిసినవాళ్లందరికీ తెలుసు. ఒక చోట నేరమన్న విద్యే ఇంకో చోట శాస్త్రానికి చెయ్యి అయింది. మన నల్లమలలోనూ పులుల కాపలాకు చెంచులను పెట్టుకున్నారు. అడవి తెలిసినవాడు కావలసి వచ్చినప్పుడు ఈ రాజ్యానికి మనం గుర్తొస్తాం. జీతం, గౌరవం, హక్కు మాట వచ్చినప్పుడు మరిచిపోతుంది.

కాబట్టి అడగాల్సింది స్పష్టంగా అడుగుదాం. మూసీ ప్రాజెక్టు దగ్గర, మన చెరువుల మీద ప్రతి చలికాలం పిట్టల లెక్క తీసే పనిని మన తండాల, వాడల యువతకు జీతంతో ఇవ్వాలి. ఉచ్చు విద్య తెలిసిన పెద్దలను ఆ పనిలో గురువులుగా గుర్తించాలి. ఇంటి కుండకు పూరేడు పట్టినవాడినీ, సంచులకొద్దీ అమ్మే వ్యాపారినీ, తుపాకి సరదాగాడినీ ఒకే గాటన కట్టొద్దు. 2006 చట్టంలోని ఆ మెలిక గురించి మన గ్రామసభల్లో, 2018 తర్వాత పంచాయతీలైన మన తండాల్లో, చర్చ జరగాలి. చట్టం మారేదాకా చట్టాన్ని దాటొద్దు, మార్చమని అడగడం మానొద్దు.

సార్లకూ మేడమ్‌లకూ ఒక విన్నపం. తరగతిలో వృత్త వైశాల్యం చెప్పేటప్పుడు ఈ తూటా లెక్క చెప్పండి. వెడల్పు రెండింతలైతే పలుచన నాలుగింతలని నల్లబల్ల మీద గీసి చూపించండి. పిల్లలకు లెక్కా వస్తుంది, తుపాకి మోజూ తగ్గుతుంది. తర్వాత పిల్లలను వాళ్ల తాతల దగ్గరికి పంపండి. ఏ పిట్టను గోర్ బోలీలో ఏమంటారు, ఎరుకల మాటలో ఏమంటారు, అది ఏ నెలలో కూస్తుంది, ఏ చెట్టు మీద గూడు కడుతుంది, రాసుకు రమ్మనండి. బడికి ఒక పిట్టల పుస్తకం తయారవుతుంది. ఆ విద్య తెలిసిన ముసలివాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. పుస్తకంలో విల్లంబు బొమ్మ చూపించి 'ఇదే మీ వాళ్లు' అనే పాఠాన్ని ఆ పుస్తకంతో వెనక్కి కొట్టొచ్చు.

తమ్ముళ్లకు నేను చెప్పేది ఇంతే. తెలంగాణ పల్లెల్లో పిట్టలదొర వేషం చూసే ఉంటారు. ఖాకీ చొక్కా, భుజాన కట్టె తుపాకి, నోట్లో కోతలు. వేషం కాబట్టి జనం నవ్వుతారు, అందరూ సంతోషంగా ఇంటికి పోతారు. నిజం తుపాకి పట్టుకుని ఆ వేషం వేస్తే నవ్వేవాళ్లు ఉండరు. ఇదే గడ్డ మీద దేశ్‌ముఖ్‌ల తుపాకులకు ఎదురు నిలబడింది జొన్న చేలో పిట్టలను తోలే వడిసెలే. అది మనది. ఉచ్చు మనది. పిట్ట కూత విని దాని జాడ చెప్పే చెవి మనది. ఎయిర్ గన్‌కు పెట్టే డబ్బుతో ఒక దుర్భిణి కొనుక్కోండి. తాతను వెంటేసుకుని పొద్దున్నే చెరువు కట్ట ఎక్కండి. చూసింది రాయండి, లెక్క పెట్టండి. ఆ లెక్క చేతిలో ఉన్న రోజున, పిట్టలను ఎవరు మాయం చేశారని అడిగే హక్కు మనకే ఎక్కువ ఉంటుంది.